బ్రాండు పేర్లకు ‘లు’ చేరిన చరిత్ర

చరిత్రకు ఆధారాలంటే శాసనాలు, తామ్రపత్రాలు, దస్తావేజులు అని ఇంతకు ముందు పాఠాల్లో చదివారు. ఈ వ్యాసం తీసుకునే ఆధారం వాటికంటే చాలా చిన్నది. అది తెలుగు బహువచన ప్రత్యయం ‘లు’. ఒక కంపెనీ తన సరుకుకు పెట్టుకున్న పేరు జనం నోట పడి, ‘రెండు’, ‘నాలుగు’ అనే లెక్కకు లొంగి, చివర ‘లు’ చేర్చుకుందంటే ఆ పేరు చరిత్రలో ఒక మలుపు వచ్చిందని అర్థం. అంతవరకు అది ఒకరి సొత్తు. ఆ తరవాత అది చాలావరకు అందరి మాట. ఏ సరుకు విషయంలో ఈ మార్పు జరిగింది, దేని విషయంలో జరగలేదు అన్నది గమనిస్తే, గత నూరేళ్ళలో మన పల్లెల్లోకి యంత్రాలూ సరుకులూ వచ్చిన తీరు కొంత తెలుస్తుంది. ఉదాహరణలను వీలైనంతవరకు కొత్తపేట, రావులపాలెం, ఆత్రేయపురం, అంబాజీపేట పరిసరాల వాడుక నుంచి తీసుకున్నాను. మీ ఊరి వాడుక వేరుగా ఉంటే పుస్తకం అంచున రాసిపెట్టుకోండి. అదీ ఆధారమే.

ఇంగ్లీషులో ఉన్న చిక్కు

బ్రాండు పేరుకు ఇంగ్లీషులో బహువచనం ఎలా చేయాలి అన్న ప్రశ్నకు వ్యాకరణం చెప్పే సమాధానం సులభమైనదే. మనుషుల పేర్లకు చేసినట్టే దీనికీ చివర ఎస్ చేరుస్తారు. ఒక ఫోర్డ్, రెండు ఫోర్డ్స్. పేరు ఎస్ అక్షరంతో ముగిస్తే ఇ, ఎస్ రెండూ చేరతాయి. అపాస్ట్రఫీ పెట్టకూడదు, అది స్వామ్యాన్ని తెలిపే గుర్తు. మన విద్యార్థుల జవాబు పత్రాల్లో అన్నిటికంటే ఎక్కువగా కనిపించే తప్పు ఇదే. పేరులోని అక్షరాలను మార్చకూడదన్నది మరో సూత్రం. బ్లాక్‌బెర్రీ అనే పండుకు బహువచనంలో చివరి వై పోయి ఐ, ఇ, ఎస్ వస్తాయి. అదే పేరుగల ఫోనుకు మాత్రం వై కదలకుండా ఉండి, పక్కన ఎస్ చేరుతుంది. పండు అందరిది, ఫోను పేరు ఒక కంపెనీది. ఆ తేడాను ఒక్క అక్షరం కాపాడుతోంది.

కొన్ని పేర్ల దగ్గర వ్యాకరణం కూడా తడబడుతుంది. సోనీ కంపెనీ 1979లో వాక్‌మన్‌ను విడుదల చేసినప్పుడు, రెండు ఉంటే వాక్‌మన్స్ అనాలా, మనుషుల్లాగా వాక్‌మెన్ అనాలా అన్న సందేహం వచ్చింది. టొయోటా కంపెనీ 2011లో తన ప్రియస్ కారుకు బహువచనం ఏమిటో చెప్పమని జనాన్నే ఓటు అడిగింది. లాటిన్ పద్ధతిని తలపించే ‘ప్రియై’ గెలిచింది. అది ప్రచారం కోసం చేసిన సరదా పని. సాధారణంగా కంపెనీలు బహువచనాన్ని అంత సరదాగా తీసుకోవు. వాటి న్యాయవిభాగాలు చెప్పేది ఒక్కటే: మా పేరుకు అసలు బహువచనం లేదు. డెన్మార్క్‌లోని లెగో కంపెనీ తన పేరును విశేషణంగానే వాడమంటుంది. ‘లెగో ఇటుకలు’ అనాలి తప్ప ‘లెగోస్’ అనకూడదు. అమెరికా పిల్లలు ఆ మాట వినకుండా ‘లెగోస్’ అనే అంటున్నారు.

ఇంత పట్టుదల ఎందుకు? అమెరికా న్యాయస్థానాల చరిత్రలో దీనికి జవాబు ఉంది. ఒక పేరు ఫలానా కంపెనీ సరుకును కాక, ఆ రకం వస్తువు మొత్తాన్ని సూచించే స్థితికి వస్తే ఆ పేరుపై కంపెనీకి ఉన్న ప్రత్యేక హక్కు పోతుంది. ఆస్పిరిన్ పేరుపై బేయర్ కంపెనీ హక్కు 1921 తీర్పుతో ఇలాగే దెబ్బతిన్నది. 1936లో సెల్లోఫేన్, 1950లో ఎస్కలేటర్, 1963లో థర్మాస్ అదే దారి పట్టాయి. పేరు ఎంత ప్రసిద్ధమైతే అంత ప్రమాదం. బహువచన ప్రత్యయం ఆ ప్రమాదానికి తొలి గుర్తుల్లో ఒకటి. లెక్కపెట్టదగిన వస్తువుగా జనం దాన్ని భావిస్తున్నారని అది చెబుతుంది. థర్మాస్ విషయంలో తెలుగు ఎదురుదారి పట్టింది. మనం మొదట ‘థర్మాస్ ఫ్లాస్కు’ అన్నాం. తరవాత బ్రాండును వదిలేసి ఫ్లాస్కును మిగుల్చుకున్నాం. ఆస్పత్రికి కాఫీ తీసుకువెళ్ళేవారు ఫ్లాస్కులే కొంటారు.

తెలుగు ప్రత్యయం, పరాయి మాట

చిన్నయసూరి బాలవ్యాకరణం 1858లో వచ్చింది. అప్పటికి తెలుగులో బ్రాండు పేర్ల సమస్య లేదు. పరాయి మాటల సమస్య మాత్రం ఉంది. కచేరీల్లోనూ, కోర్టుల్లోనూ వాడే హిందుస్తానీ, ఇంగ్లీషు మాటల కోసం సి.పి.బ్రౌన్ 1854లోనే ప్రత్యేకంగా ఒక మిశ్రభాషా నిఘంటువు ప్రకటించవలసి వచ్చింది. అలా వచ్చిన మాటల్లో ‘నకలు’ ఒకటి. అరబ్బీ మూలం, పారసీ, ఉర్దూల మీదుగా ప్రయాణం. తెలుగులో దాని బహువచనం ‘నకళ్ళు’. కాలు కాళ్ళు, ఇల్లు ఇళ్ళు అయినట్టే నకలు నకళ్ళు అయింది. వందల ఏళ్ళు మనతో ఉన్న మాట మన సంధి సూత్రాన్ని పూర్తిగా ఒప్పుకున్నది.

ఇంగ్లీషు మాటలు కూడా తొలి రోజుల్లో ఈ దారినే వచ్చాయి. రైలు రైళ్ళు, సైకిలు సైకిళ్ళు, హోటలు హోటళ్ళు, ఫైలు ఫైళ్ళు అయ్యాయి. లకారంతో ముగిసినవి ఇలా కలిసిపోగా, రకారంతో ముగిసినవి కొంచెం బిగుసుకుని నిలబడ్డాయి. ఊరు ఊళ్ళు అవుతుంది, నోరు నోళ్ళు అవుతుంది. కారు మాత్రం కాళ్ళు కాలేదు, కార్లు అయింది. నడిచే కాళ్ళతో గందరగోళం వస్తుందని మాత్రమే కాదు. మోటార్లు, డాక్టర్లు, టైర్లు కూడా ళ్ళు జోలికి పోలేదు. పేరు పేర్లు అయ్యే దారి తెలుగులో ముందే ఉంది కాబట్టి అవి ఆ దారి ఎంచుకున్నాయి. టకారంతో ముగిసేవాటికి చెట్టు, చెట్లు అనే నమూనా సిద్ధంగా ఉంది. అందుకే టికెట్లు, బుల్లెట్లు. 1955 నుంచి మద్రాసులో తయారైన ఎన్‌ఫీల్డ్ బుల్లెట్ మోటారుసైకిలు మన రోడ్ల మీదికి వచ్చాక, బుల్లెట్లు అనగానే తుపాకీ గుళ్ళా, బళ్ళా అన్నది సందర్భాన్ని బట్టి తెలుసుకోవలసి వచ్చింది.

రెండో మాట రాలిపోయిన కాలం

కోనసీమ ఇళ్ళలో పాతకాలపు బ్రాండు పేర్లను ఒకసారి గుర్తు చేసుకోండి. పెట్రోమాక్స్ లైట్లు, రాలీ సైకిళ్ళు, సింగర్ మిషన్లు, బాటా చెప్పులు, గోద్రెజ్ బీరువాలు, కిర్లోస్కర్ ఇంజన్లు. వీటిలో ‘లు’ ఎక్కడ చేరిందో చూడండి. ఒక్కచోట కూడా బ్రాండుకు చేరలేదు, వెనక ఉన్న సామాన్యమైన మాటకు చేరింది. లెగో కంపెనీ న్యాయవాదులు ప్రపంచాన్ని బతిమాలుకుంటున్న పద్ధతి ఇదే. మనవాళ్ళు ఎవరూ చెప్పకుండానే దాన్ని పాటించారు. దీనికి కారణం కంపెనీల మీద గౌరవం కాదు, తెలుగు సమాసపు అలవాటు. పాలకొల్లు కొబ్బరి, బందరు లడ్డు, ఉప్పాడ చీర అన్నట్టే బాటా చెప్పు. ముందు ఎక్కడిది లేదా ఎవరిది, తరవాత ఏమిటి.

ఈ జాబితాకు ఎదురునిలిచిన పాత మాట జీపు. రెండో ప్రపంచయుద్ధంలో అమెరికా సైన్యానికి విల్లీస్ కంపెనీ చేసిన బండి పేరు అది. 1950లో అమెరికాలో వాణిజ్య చిహ్నంగా నమోదైంది. స్వాతంత్ర్యం వచ్చిన తొలి సంవత్సరాల్లోనే మహీంద్రా సంస్థ వాటిని మన దేశంలో బిగించి అమ్మడం మొదలుపెట్టింది. తెలుగు దానికి చివర ఉకారం తగిలించింది. టోపు, కోపు, తోపు వరసలో జీపు చేరింది, జీపులు అయింది. ‘జీపు బళ్ళు’ అనవలసిన అవసరం రాలేదు, ఎందుకంటే అలాంటి బండి ఇంకొకటి లేదు. వస్తువుకు సామాన్యనామం లేని చోట బ్రాండే సామాన్యనామం అవుతుంది. ఈ ఒక్క సూత్రాన్ని గుర్తుంచుకుంటే తరవాతి ఉదాహరణలన్నీ అర్థమవుతాయి.

1972లో కైనెటిక్ కంపెనీ పుణెలో లూనా తయారుచేసింది. సైకిలు కాదు, మోటారుసైకిలూ కాదు, తొక్కడానికి పెడళ్ళు కూడా ఉన్న చిన్న బండి. దాని అసలు జాతిపేరు ‘మోపెడ్’ అన్నది మన పల్లెల్లో ఎక్కువమందికి పట్టలేదు. కాబట్టి అవి లూనాలు అయ్యాయి. దీర్ఘమైన అచ్చుతో ముగిసే మాటకు ‘లు’ చేర్చడం నాలుకకు ఏ కష్టమూ కాదు. 1980లో టీవీఎస్ ఫిఫ్టీ వచ్చింది. కాయ దింపు అయ్యాక కొబ్బరి మోసుకెళ్ళడానికీ, పాల క్యాన్లు తగిలించుకోవడానికీ, రావులపాలెం మార్కెట్టుకు అరటి గెలలు చేర్చడానికీ అది పనికొచ్చింది. పేరు మూడు ఇంగ్లీషు అక్షరాలు కావడంతో కాబోలు, దాని వెనక రెండో మాట నిలిచింది: టీవీఎస్ బళ్ళు. గోదావరి జిల్లాలో బళ్ళు అన్నదాన్నే మరోచోట బండ్లు అంటారు. బ్రాండు దేశమంతటా ఒకటే, ఏ ప్రాంతపు తెలుగో చెప్పేది దాని వెనకున్న మాట.

మారుతి కారు సంగతి ఇంకా చిత్రమైనది. కవి కవులు, పులి పులులు అయ్యే సూత్రం ప్రకారం మారుతి మారుతులు కావాలి. అలా అంటే ఆంజనేయస్వాములు గుర్తుకు వస్తారు తప్ప కార్లు రావు. వాడుక ఈ ఇబ్బందిని పక్కదారిలో దాటింది. ‘మారుతి కార్లు’ అని రెండో మాటను ఉంచేసింది. దేవుడి పేరు బ్రాండు అయినప్పుడు బహువచనం దగ్గర జనం కొంచెం తటపటాయిస్తారని నా అభిప్రాయం. అంబాసిడర్‌కు అలాంటి అడ్డు లేదు. రాయబారి అన్న అర్థం ఊళ్ళో ఎవరికీ గుర్తు రాదు కనక అంబాసిడర్లు అని హాయిగా అన్నారు.

ఎప్పటికీ ‘లు’ చేరని పేర్లూ ఉన్నాయి. 1937లో మన మార్కెట్లోకి వచ్చిన డాల్డా వనస్పతి నేతులన్నిటికీ పేరైంది. అయినా డాల్డాలు అనే మాట పుట్టలేదు. నెయ్యి, నూనె, పిండి లాగా అది కొలిచే పదార్థం, లెక్కపెట్టే వస్తువు కాదు. ‘లు’ దాని డబ్బాకు చేరింది. డాల్డా డబ్బాల్లో తులసి మొక్కలు పెరిగాయి, బియ్యం కొలతలు సాగాయి. కాబట్టి బహువచనం లేనంత మాత్రాన పేరు జనంపరం కాలేదని అనుకోకూడదు. లెక్కపెట్టే వస్తువులకే ఈ పరీక్ష పనికొస్తుంది. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు 1893లో బొంబాయిలో ప్రారంభించిన అమృతాంజనం పేరు తెలుగువాడు పెట్టిన సంస్కృత సమాసం. అంజనం అంజనాలు అయినట్టు దానికి బహువచనం పుట్టుకతోనే సిద్ధంగా ఉంది. అయినా పదార్థం కనక జనం అమృతాంజనం సీసాలనే లెక్కపెట్టారు. ఇక 1977లో కోకాకోలా దేశం వదిలిన తరవాత వచ్చిన థమ్సప్ పేరులో ఇంగ్లీషు బహువచనం ముందే ఉంది. బొటనవేళ్ళు అని దాని అర్థం. మనం దాని మీద ఇంకొక బహువచనం వేసి ‘నాలుగు థమ్సప్‌లు’ అంటాం. టీ దుకాణంలో ‘రెండు టీ, ఒక కాఫీ’ అని ఏకవచనంలో అడిగే అలవాటు ఉన్నవారు ‘రెండు థమ్సప్’ అనీ అంటారు. రెండూ తెలుగే.

జిరాక్సు కథ

ఈ విశ్వవిద్యాలయపు విద్యార్థులకు బాగా దగ్గరైన బ్రాండు ఇది. చెస్టర్ కార్ల్‌సన్ అనే అమెరికన్ 1938లో సిరా తడి లేకుండా నకలు తీసే పద్ధతిని కనిపెట్టాడు. పొడి అనే అర్థమున్న గ్రీకు మాట నుంచి జిరాక్స్ అనే పేరు పుట్టింది. 1959లో వచ్చిన 914 అనే యంత్రం కంపెనీని ప్రపంచప్రసిద్ధం చేసింది. మన దేశంలో మోదీ జిరాక్స్ సంస్థ 1983లో మొదలైంది. దానికి ఒక్క ఏడాది ముందు, 1982లో, హైదరాబాదులో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఏర్పడింది. ఈ రెండు తేదీలకూ సంబంధం లేదు. కానీ తరగతి గది లేకుండా ఇంటి దగ్గర చదువుకునే విద్యార్థి, తోటి విద్యార్థి నోట్సును గంటలో తనది చేసుకోగలిగే యంత్రం, రెండూ మన ఊళ్ళకు దాదాపు ఒకే కాలంలో వచ్చాయి. అంతకు ముందు నకలు కావాలంటే చేత్తో తిరగరాయాలి, లేదా కార్బన్ కాగితం పెట్టి టైపు చేయించాలి. ఎక్కువ ప్రతులు కావాలంటే సైక్లోస్టైలు. అదీ ఒకప్పటి వాణిజ్య నామమే.

1985లో మండలాలు ఏర్పడి కార్యాలయాలు ఊళ్ళకు దగ్గరైన కొద్దీ ధ్రువపత్రాల ప్రతుల అవసరం పెరిగింది. వాటి ముందు జిరాక్సు దుకాణాలు వెలిశాయి. కొత్తపేటలో గానీ, మరే మండల కేంద్రంలో గానీ ఆ దుకాణం దగ్గర కాసేపు నిలబడి వినండి. ‘జిరాక్స్ తీయండి’ అంటే అక్కడ అది పని. ‘మూడు జిరాక్సులు’ అంటే ప్రతులు. ‘రెండు జిరాక్సులు మూసేసి ఉన్నాయి’ అంటే దుకాణాలు. ఈ మూడింటిలో ఎక్కడా జిరాక్స్ కంపెనీ యంత్రం లేదు. లోపల ఉన్న యంత్రం మీద వేరే కంపెనీ పేరు ఉండవచ్చు, అడిగేవాడికి దానితో పని లేదు. దరఖాస్తు ఫారాల దగ్గర ఇంకో మాట వినిపిస్తుంది: ‘ఒరిజినల్సూ, రెండేసి జిరాక్సులూ తెచ్చుకోండి.’ ఒకే వాక్యంలో ఒరిజినల్‌కు ఇంగ్లీషు బహువచనం, జిరాక్సుకు తెలుగు బహువచనం. అసలు పత్రం ఇంకా పరాయిగా, అధికారికంగా ఉండిపోయింది. నకలు మనదైపోయింది. నకళ్ళు అనే పాత మాట ప్రభుత్వ ఉత్తర్వుల్లో మిగిలింది.

కంపెనీ దీన్ని చూస్తూ ఊరుకోలేదు. తన పేరును క్రియగా వాడవద్దని, ఫొటోకాపీ అనమని పత్రికల్లో ప్రకటనలు ఇచ్చింది. మన దేశపు 1999 వాణిజ్య చిహ్నాల చట్టం 2003 సెప్టెంబరు 15న అమలులోకి వచ్చింది. దాని 9వ సెక్షన్ ప్రకారం వాడుక భాషలో మామూలు మాటగా స్థిరపడిన చిహ్నాన్ని నమోదు చేయరాదు. ఆ లెక్కన మన వీధుల్లోని బోర్డులన్నీ కంపెనీకి వ్యతిరేక సాక్ష్యాలే. అయినా జిరాక్స్ నమోదును రద్దు చేయాలన్న వాదాన్ని మేధోసంపత్తి అప్పీళ్ళ బోర్డు 2012లో అంగీకరించలేదు. చట్టంలో పేరు ఇప్పటికీ కంపెనీది. వాడుకలో అది ఎప్పుడో చేజారింది. న్యాయస్థానం, వ్యాకరణం ఒకే పేరుకు రెండు వేరువేరు జీవితాలు ఇవ్వగలవని దీనివల్ల తెలుస్తుంది. చరిత్ర విద్యార్థి రెండింటినీ నమోదు చేయాలి.

జేసీబీ కూడా ఇలాంటిదే. జోసెఫ్ సిరిల్ బామ్‌ఫోర్డ్ అనే ఇంగ్లండు వ్యాపారి పేరులోని మొదటి అక్షరాలు అవి. 1945లో ఆయన కంపెనీ పెట్టాడు, 1979లో మన దేశంలో ఉమ్మడి సంస్థగా అడుగుపెట్టింది. కోనసీమలో వరిచేలు రొయ్యల చెరువులుగా మారిన కాలంలో తవ్వకాలకు వచ్చిన పసుపుపచ్చ యంత్రం ఏ కంపెనీదైనా జేసీబీయే, రెండుంటే జేసీబీలే. ఫ్రాన్సు దేశపు పొక్లేన్ కంపెనీ పేరు తెలుగు పత్రికల్లో ‘ప్రొక్లెయిన్’ అయి, ఎక్కడి నుంచో ఒక రకారాన్ని తెచ్చుకుని, ‘ప్రొక్లెయిన్లు’గా స్థిరపడింది. బ్రాండు పేరులోని అక్షరాన్ని మార్చరాదన్న ఇంగ్లీషు సూత్రం ఇక్కడ పూర్తిగా ఓడిపోయింది.

మన పేరు చట్టానికి ఎక్కినప్పుడు

ఇంతవరకు పరాయి కంపెనీల పేర్లను మనం సొంతం చేసుకోవడం చూశాం. దీనికి రెండో వైపు కూడా ఉంది. కొత్తపేట నియోజకవర్గంలోనే ఉన్న ఆత్రేయపురంలో బియ్యపు పిండి పల్చటి జావలో గుడ్డను ముంచి, బోర్లించిన వేడి కుండ మీద పరిచి తీస్తే కాగితం కన్నా పల్చటి పొర వస్తుంది. అదే పూతరేకు. పంచదార లేదా బెల్లం, నెయ్యి చేర్చి మడతలు పెడతారు. ఈ పని చేసేవారిలో ఎక్కువమంది మహిళలు. 2023 జూన్‌లో ‘ఆత్రేయపురం పూతరేకులు’ అనే పేరుకు భౌగోళిక సూచికగా గుర్తింపు లభించింది. ఆ చట్టం కూడా 1999 నాటిదే, వాణిజ్య చిహ్నాల చట్టం అమలైన రోజునే అమలులోకి వచ్చింది.

ఈ పేరు చివర ఉన్నది మన ‘లు’. వాణిజ్య నామానికి బహువచనం ఉండరాదని ప్రపంచమంతటా న్యాయవాదులు చెబుతుండగా, మన మిఠాయి బహువచన ప్రత్యయంతోనే నమోదుకెక్కింది. ఇంగ్లీషు వాక్యంలో అది ప్రత్యయంగా కనిపించదు, పేరులో భాగంగా కలిసిపోతుంది. వడకు ఇంగ్లీషువారు ఎస్ చేర్చి ‘వడాస్’ అంటారు. పూతరేకులకు ఆ అవసరం లేకుండా మనమే ముందు చేర్చి ఇచ్చాం. పూతరేకు అనే ఏకవచనం తెలియని పాఠకుడు ‘ఒక పూతరేకులు’ అని ఇంగ్లీషులో రాస్తే తప్పు పట్టడం కూడా కష్టం.

భౌగోళిక సూచికల చట్టం 9వ సెక్షన్ కూడా సామాన్యనామంగా మారిపోయిన పేరుకు రక్షణ లేదంటుంది. అంటే ‘పూతరేకులు’ అన్న మాట ఎవరైనా వాడుకోవచ్చు. రక్షణ ఉన్నది ముందున్న ఊరి పేరుతో కలిసిన మొత్తానికి. ఇంతకు ముందు చెప్పిన పరీక్షను ఇక్కడ పెట్టి చూడండి. ‘లు’ ఇప్పుడు రేకుకు చేరుతోంది, ఊరికి కాదు. బాటా చెప్పుల పద్ధతి ఇది. లూనాల పద్ధతిలో రెండో మాట రాలిపోయి, హైదరాబాదు మిఠాయి దుకాణంలో ఎవరో ‘రెండు ఆత్రేయపురాలు ఇవ్వండి’ అని అడిగి, ఎక్కడో తయారైన రేకులు పట్టుకుపోయే రోజు వస్తే, కుండ ముందు పొగలో కూర్చునేవారికి ఆ గుర్తింపు కాగితం ఎంతవరకు ఉపయోగపడుతుందో చెప్పలేం. ప్రస్తుతానికి రావులపాలెంలో జాతీయ రహదారి పక్కన బస్సు దిగినవారు ‘రెండు డబ్బాలు పూతరేకులు’ అనే అడుగుతున్నారు. ఊరి పేరు దుకాణం బోర్డు మీద ఉంది.